చార్టర్ పాఠశాలలు: అనుమతి పత్రం, షరతులు, పరిణామం

చార్టర్ అనే మాట మన దేశ చరిత్ర చదివిన వారికి కొత్తది కాదు. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి లండన్ వర్తకులకు ఇచ్చిన చార్టరే ఈస్టిండియా కంపెనీకి పునాది. 1793 నుండి 1853 వరకు ఇరవై సంవత్సరాలకొకసారి బ్రిటిష్ పార్లమెంటు ఆ చార్టర్‌ను తిరగదోడి, కంపెనీ చేసిన పనులను విచారించి, కొత్త షరతులతో పొడిగిస్తూ వచ్చింది. 1813లో జరిగిన పొడిగింపులో ఒక షరతు విద్యకు సంబంధించినది. భారతదేశంలో విద్యాభివృద్ధికి ఏటా లక్ష రూపాయలకు తక్కువ కాకుండా కేటాయించాలని ఆ చట్టం ఆదేశించింది. క్రైస్తవ మిషనరీల రాకకు దారి తెరచింది కూడా ఆ చట్టమే. ఆ లక్ష రూపాయలు ఏ విద్యకు ఖర్చు చేయాలన్న వివాదమే 1835లో మెకాలే నివేదికకు దారితీసింది. అధికారం ఇచ్చేవాడొకడు, పుచ్చుకొనేవాడొకడు, మధ్య ఒక పత్రం, దానికొక గడువు, గడువు తీరగానే విచారణ: చార్టర్ స్వభావమంతా ఇందులో ఉంది.

ఈ స్వభావం గల పత్రాన్ని పాఠశాలలకు వర్తింపజేస్తూ అమెరికా సంయుక్త రాష్ట్రాలు 1991 నుండి చట్టాలు చేశాయి. వాటి చరిత్రను ముస్లిం పాఠకులు తెలుసుకోవడానికి రెండు కారణాలున్నాయి. పాఠశాల ఒక పత్రం మీద నిలబడుతుందన్న విషయం ఇస్లామీయ నాగరికతకు చిరపరిచితం. మన మదరసాలు శతాబ్దాల తరబడి వక్ఫ్ పత్రాల నీడలో నడిచాయి. రెండవది, ఈ అమెరికన్ చట్టాల క్రింద ముస్లింలు నడిపిన ఒక పాఠశాల ఎలా పుట్టి ఎలా మూతబడిందో తెలుసుకొంటే, విద్యాసంస్థలు స్థాపించదలచిన ఏ అల్పసంఖ్యాక సమాజానికైనా అది పాఠమవుతుంది.

చార్టర్ ఆలోచన పుట్టుక

ఈ ఆలోచనను మొదట ప్రతిపాదించిన వ్యక్తి మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో విద్యా పరిపాలన బోధించిన రే బడ్. 1970వ దశకంలో ఆయన ఈ విషయమై వ్రాసినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 1988లో ఆయన రచన గ్రంథరూపంలో వచ్చేనాటికి కాలం మారింది. బడ్ కోరింది చాలా పరిమితమైనది. జిల్లా పాఠశాలా మండలి ఉపాధ్యాయ బృందాలకు కొన్ని సంవత్సరాల గడువుతో నేరుగా చార్టర్ ఇవ్వాలి, వారు తాము అనుకొన్న పద్ధతిలో బోధించి ఫలితాలు చూపాలి. అంతకుమించి ఆయన ఏమీ అడగలేదు.

అదే సంవత్సరం మార్చి 31న అమెరికన్ ఉపాధ్యాయుల సమాఖ్య అధ్యక్షుడు ఆల్బర్ట్ షాంకర్ వాషింగ్టన్‌లో చేసిన ప్రసంగంతో దీనికి దేశవ్యాప్త ప్రచారం వచ్చింది. ఉపాధ్యాయులే కొత్త పాఠశాలలను రూపొందించాలన్నది ఆయన కోరిక. కొద్ది సంవత్సరాలకే ఆయన అభిప్రాయం మారింది. లాభాపేక్ష గల కంపెనీలు ఈ తలుపు గుండా ప్రవేశిస్తున్నాయని గ్రహించి, తాను ప్రచారం చేసిన ఉద్యమాన్నే విమర్శించారు. బిడ్డను కన్నవారి ఉద్దేశం ఒకటి, బిడ్డ పెరిగిన తీరు మరొకటి అయింది. చట్టంలో వ్రాసిన షరతులే ఆ పెంపకాన్ని నిర్ణయించాయి.

మిన్నెసోటా చట్టం

మొట్టమొదటి చట్టం 1991లో మిన్నెసోటా రాష్ట్రంలో వచ్చింది. శాసనసభలో దీనికోసం శ్రమించిన సెనేటర్ ఎంబర్ రీచ్‌గాట్ డెమొక్రాటిక్ పక్షానికి చెందినవారు. సంతకం చేసిన గవర్నర్ ఆర్నీ కార్ల్‌సన్ రిపబ్లికన్. రెండు పక్షాలలోనూ దీనికి మిత్రులూ ఉన్నారు, శత్రువులూ ఉన్నారు. ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా ప్రతిఘటించడంతో చట్టం కుదించుకుపోయి బయటపడింది. రాష్ట్రమంతటికీ ఎనిమిది పాఠశాలలకే అనుమతి. స్థానిక జిల్లా మండలి స్పాన్సర్‌గా ఉండాలి, రాష్ట్ర విద్యామండలి ఆమోదించాలి. పాఠశాల పాలకవర్గంలో ఆ పాఠశాల ఉపాధ్యాయులే అధిక సంఖ్యలో ఉండాలి. ఫీజు వసూలు చేయరాదు. ప్రవేశ పరీక్ష పెట్టరాదు. మతబోధ చేయరాదు. ప్రభుత్వం ఒక్కొక్క విద్యార్థికి ఇచ్చే ధనం విద్యార్థి వెంట పాఠశాలకు వస్తుంది. ఇందుకు బదులుగా పాఠశాలకు అనేక ప్రభుత్వ నిబంధనల నుండి మినహాయింపు లభిస్తుంది. ఫలితాలు చూపకపోతే చార్టర్ పోతుంది.

ఈ చట్టం క్రింద మొదటి పాఠశాల 1992 సెప్టెంబరులో సెయింట్ పాల్ నగరంలో తెరవబడింది. దాని పేరు సిటీ అకాడెమీ. చదువు మధ్యలో మానివేసిన యువకుల కోసం కొద్దిమంది ఉపాధ్యాయులు కలసి స్థాపించిన చిన్న పాఠశాల అది. బడ్, షాంకర్‌ల ఊహకు అన్నిటికంటె దగ్గరగా ఉన్నది బహుశా ఇదే.

చట్టం వేరు, పాఠశాల వేరు

1992లో కాలిఫోర్నియా రెండవ చట్టం చేసింది. 1993లో కొలరాడో, మసాచుసెట్స్, మిషిగన్ మొదలైన రాష్ట్రాలు, 1994లో ఆరిజోనా అదే బాట పట్టాయి. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం కొత్త చార్టర్ పాఠశాలలకు ప్రారంభ సహాయ పథకాన్ని నెలకొల్పింది. 2025లో ఉత్తర డకోటా చట్టం చేసిన తరువాత నెబ్రాస్కా, దక్షిణ డకోటా, వెర్మాంట్ తప్ప దాదాపు అన్ని రాష్ట్రాలలోనూ ఇటువంటి చట్టం ఏదో ఒక రూపంలో ఉంది. 2021-22 విద్యా సంవత్సరంలో సుమారు 7,800 చార్టర్ పాఠశాలలలో 37 లక్షల మంది చదివారు.

అయితే పేరు ఒకటే అయినా వస్తువు ఒకటి కాదు. చార్టర్ ఎవరు ఇస్తారు, ఎంత కాలానికి ఇస్తారు, ఇచ్చినందుకు వారికి ఏమి ముడుతుంది అనే మూడు ప్రశ్నలకు చట్టం చెప్పే సమాధానాన్ని బట్టి పాఠశాలల రూపం మారిపోయింది.

మసాచుసెట్స్‌లో చార్టర్ ఇచ్చే అధికారం రాష్ట్ర విద్యామండలికి మాత్రమే ఉంది. గడువు ఐదు సంవత్సరాలు. సంఖ్యకు పరిమితి ఉంది, పని చేయని పాఠశాలను మూయడానికి అధికారులు వెనుకాడలేదు. అక్కడ, ముఖ్యంగా బోస్టన్‌లో, పేద పిల్లల చదువు గణనీయంగా మెరుగుపడినట్లు పరిశోధకులు కనుగొన్నారు. అయినా 2016లో పరిమితిని సడలించే ప్రతిపాదన ఓటర్ల ముందుకు వచ్చినప్పుడు అధిక సంఖ్యాకులు దానిని త్రోసిపుచ్చారు. తమ ఊరి జిల్లా పాఠశాలలకు రావలసిన ధనం తరిగిపోతుందన్న భయమే అందుకు ప్రధాన కారణం.

ఆరిజోనా మార్గం దీనికి పూర్తిగా భిన్నం. సంఖ్యకు పరిమితి లేదు, చార్టర్ గడువు పదిహేను సంవత్సరాలు. పాఠశాలలు శరవేగంతో పెరిగాయి. మంచివీ పెరిగాయి, మూతబడేవీ పెరిగాయి. మిషిగన్‌లో విశ్వవిద్యాలయాలకు కూడా చార్టర్ ఇచ్చే అధికారం వచ్చింది. పాఠశాలకు వచ్చే ప్రభుత్వ ధనంలో నూటికి మూడు వంతుల వరకు చార్టర్ ఇచ్చిన సంస్థ రుసుముగా తీసుకొనవచ్చు. అక్కడి పాఠశాలలలో అధిక భాగం లాభాపేక్ష గల నిర్వాహక కంపెనీల చేతికి వెళ్ళాయి. పాఠశాలను మూస్తే తన రుసుమూ పోయే సంస్థ తనిఖీ ఎంత కఠినంగా చేస్తుందన్న ప్రశ్న అక్కడ ఎప్పుడూ వినబడుతూనే ఉంది.

ఫలితాలపై స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2009లో ప్రకటించిన పరిశీలన పెద్ద చర్చ రేపింది. గణితంలో నూటికి 17 చార్టర్ పాఠశాలలు సమీప ప్రభుత్వ పాఠశాలల కంటె మెరుగు, 37 హీనం, మిగిలినవి సమానం అని తేలింది. అదే బృందం 2023లో వెలువరించిన నివేదికలో చార్టర్ విద్యార్థులు మొత్తంమీద స్వల్పంగా ముందున్నారు. కంప్యూటర్ ద్వారా మాత్రమే బోధించే పాఠశాలలు మాత్రం బాగా వెనుకబడ్డాయి. ఈ అంకెలను బట్టి చార్టర్ అనే పేరు స్వయంగా మంచీ కాదు, చెడూ కాదు. దాని వెనుక ఉన్న షరతులను, వాటిని అమలు జరిపే వారిని చూడాలి.

తారిఖ్ బిన్ జియాద్ అకాడెమీ

ఇప్పుడు తిరిగి మిన్నెసోటాకు వద్దాం. తొలి చట్టం తరువాత అక్కడ పరిమితులు ఒక్కొక్కటిగా సడలాయి. స్పాన్సర్‌లుగా జిల్లా మండళ్ళే గాక కళాశాలలకు, ధార్మిక సేవాసంస్థలకు కూడా అవకాశం వచ్చింది. సోమాలియా అంతర్యుద్ధం నుండి తప్పించుకొని వచ్చిన వేలాది ముస్లిం కుటుంబాలు ఆ రాష్ట్రంలో స్థిరపడ్డాయి. పిల్లలకు ఆంగ్లం రాదు, ఇంట్లో పేదరికం. తమ భాషను, ఆచారాలను గౌరవించే పాఠశాల కావాలని ఆ తల్లిదండ్రులు కోరుకోవడం సహజం.

2003లో ఇన్వర్ గ్రోవ్ హైట్స్ అనే పట్టణంలో తారిఖ్ బిన్ జియాద్ అకాడెమీ ఈ చట్టం క్రింద ప్రారంభమైంది. 711లో స్పెయిన్ తీరంలో దిగిన సేనాని పేరు దానికి పెట్టారు. ఇస్లామిక్ రిలీఫ్ అనే సేవాసంస్థ అమెరికా శాఖ స్పాన్సర్‌గా నిలిచింది. అరబ్బీ భాష బోధించేవారు. పాఠశాల వేళల తరువాత, కోరిన పిల్లలకు ఇస్లామీయ విద్య వేరే కార్యక్రమంగా నడిచేది. విద్యార్థులలో అధికులు పేద కుటుంబాల వారు, ఆంగ్లం రెండవ భాషగా నేర్చుకొనేవారు. అయినా పరీక్షా ఫలితాలు బాగున్నందువల్ల పాఠశాలకు మంచి పేరు వచ్చింది.

2008లో పత్రికలలో వచ్చిన విమర్శతో వివాదం మొదలైంది. రాష్ట్ర విద్యాశాఖ విచారించి, చాలా విషయాలలో పాఠశాల చట్టానికి లోబడే ఉన్నదని చెప్పి, శుక్రవారం సామూహిక నమాజు, సాయంత్రపు బస్సుల వేళలు అనే రెండు విషయాలలో మార్పులు చేయమన్నది. సాయంత్రం మతబోధ ముగిసిన తరువాతనే బస్సులు బయలుదేరితే, ఆ బోధ వద్దనుకొన్న పిల్లవాడు ఇంటికి ఎలా వెళ్తాడన్నది ప్రశ్న. చూడడానికి చిన్న విషయం. ఐచ్ఛికం అన్న మాట ఆచరణలో నిజమా కాదా అని తేల్చేది మాత్రం ఇటువంటి చిన్న విషయాలే.

2009 జనవరిలో పౌరహక్కుల సంఘం మిన్నెసోటా శాఖ కోర్టుకు వెళ్ళింది. ప్రభుత్వ ధనంతో ఒక మతాన్ని ప్రోత్సహిస్తున్నారని దాని ఆరోపణ. పాఠశాల దానిని ఖండించింది. ఈ వ్యాజ్యంలో ముఖ్యమైన అంశం భవనం. మిన్నెసోటా చట్టం ప్రకారం చార్టర్ పాఠశాల ప్రభుత్వ ధనంతో భవనం కొనరాదు, అద్దెకు తీసుకోవాలి. ఈ పాఠశాల ఉన్న భవనంలోనే ఒక ముస్లిం సంస్థ కార్యాలయమూ ఉంది. స్పాన్సర్ ముస్లిం సేవాసంస్థ. స్థాపకులు ముస్లిం నాయకులు. ఇచ్చేవారు, పుచ్చుకొనేవారు, అద్దె తీసుకొనేవారు ఒకే వర్గానికి చెందినవారైనప్పుడు ఎంత నిజాయితీగా నడిపినా అనుమానానికి తావుంటుంది.

అయితే పాఠశాల మూతబడింది ఈ ఆరోపణపై తీర్పు వచ్చి కాదు. 2009లోనే మిన్నెసోటా శాసనసభ చార్టర్ చట్టాన్ని సంస్కరించింది. స్పాన్సర్ అనే మాట పోయి, అధికారమిచ్చు సంస్థ అనే మాట వచ్చింది. ఆ సంస్థలన్నీ రాష్ట్ర అనుమతి తిరిగి పొందాలి. సేవాసంస్థ అయితే ఆ రాష్ట్రానికే చెందినదై ఉండాలి. ఇస్లామిక్ రిలీఫ్ బయటి రాష్ట్రపు సంస్థ. గడువులోగా పాఠశాలకు మరొక అధికార సంస్థ ఏర్పాటు పూర్తి కాలేదు. 2011 వేసవిలో పాఠశాల మూతబడింది, దివాలా దరఖాస్తు పెట్టింది. సుమారు 500 మంది పిల్లలు వేరే పాఠశాలలు వెతుక్కోవలసి వచ్చింది. మతం ప్రశ్నపై కోర్టు పూర్తి విచారణ జరిపి తీర్పు చెప్పనే లేదు. పాఠశాలను నిలబెట్టిన పత్రమే చివరికి దానిని పడగొట్టింది.

ఆ ప్రశ్న మరొక మతం రూపంలో తిరిగి వచ్చింది. 2023లో ఓక్లహోమా రాష్ట్రపు చార్టర్ మండలి సెయింట్ ఇసిడోర్ అనే కాథలిక్ పాఠశాలకు, మతబోధ చేయడానికి స్పష్టంగా ఒప్పుకొంటూ, చార్టర్ మంజూరు చేసింది. ప్రైవేటు పాఠశాలల ఫీజుకు సహాయం చేసే రాష్ట్రం మత పాఠశాలలను వెలివేయరాదని 2022లో సుప్రీంకోర్టు మెయిన్ రాష్ట్రపు వ్యాజ్యంలో చెప్పిన తీర్పు దీనికి ఊతం. కాని చార్టర్ పాఠశాల ప్రభుత్వ పాఠశాలే గనుక మతబోధ కుదరదని 2024 జూన్‌లో ఓక్లహోమా అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. 2025 మే 22న అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు నలుగురు, నలుగురుగా చీలిపోవడంతో రాష్ట్ర న్యాయస్థానపు తీర్పు నిలిచింది గాని, దేశమంతటికీ వర్తించే సూత్రం వెలువడలేదు. 2009లో ముస్లిం పాఠశాలపై వేసిన ప్రశ్నకు జవాబు ఇంకా రావలసే ఉంది.

వక్ఫ్ పత్రాల వెలుగులో

మన పూర్వుల అనుభవం ఈ విషయంలో ఏమి చెబుతోంది? బాగ్దాద్ నిజామియా 1067లో తెరవబడింది. సల్జూఖ్ మంత్రి నిజాముల్ ముల్క్ తన వక్ఫ్ పత్రంలో ఆచార్యుడు, ఉపదేశకుడు, గ్రంథపాలకుడు అందరూ షాఫయీ మార్గానికి చెందినవారై ఉండాలని షరతు పెట్టాడు. తన వంశం వారికి నిర్వహణపై హక్కు ఉంచుకొన్నాడు. వాఖిఫ్ పెట్టిన షరతును ధర్మశాస్త్ర వచనంతో సమానంగా పాటించాలని ఫిఖహ్ పండితులు చెప్పారు. అటువంటి పత్రానికి గడువు లేదు. ఇబ్నె బతూతా 1327లో బాగ్దాద్ చూచినప్పుడు కూడా నిజామియా నిలిచే ఉంది. ఒక స్థాపకుని షరతు రెండున్నర శతాబ్దాలకు పైగా ఒక విద్యాలయాన్ని కాపాడింది.

ఆ విద్యాలయం తెరచిన రోజున జరిగిన ఒక సంఘటనను చరిత్రకారులు నమోదు చేశారు. మొదటి ఆచార్యుడుగా నియమితుడైన అబూ ఇస్‌హాఖ్ షీరాజీ రాలేదు. ఆ స్థలం అన్యాయంగా తీసుకొన్నదన్న మాట ఆయన చెవిన పడింది. ఇబ్నుస్ సబ్బాగ్ ఇరవై రోజులు పాఠం చెప్పిన తరువాతగాని షీరాజీ ఆ పీఠంపై కూర్చోలేదు. భవనం ఎవరిది, ఎలా వచ్చింది అన్న ప్రశ్న మిన్నెసోటాలో కొత్తగా పుట్టింది కాదు. మన పండితులు దానిని మొదటి రోజునే అడిగారు.

వక్ఫ్ పద్ధతిలో లోపమూ ఉంది. గడువు లేని షరతు పాఠశాలను కాపాడుతుంది, కాని కదలనివ్వదు. ఒక మార్గానికే కేటాయించిన పీఠం ఆ మార్గానికే ఉండిపోతుంది. 1234లో ఖలీఫా ముస్తన్‌సిర్ నాలుగు ఫిఖహ్ మార్గాలకూ ఒకే కప్పు క్రింద చోటిచ్చిన ముస్తన్‌సిరియాను నెలకొల్పినప్పుడు, పాత పత్రాన్ని మార్చలేదు. కొత్త పత్రం వ్రాశాడు. ముతవల్లీపై ఖాజీ తనిఖీ ఉండాలన్న నియమం సడలిన చోట్ల ఆదాయం ముతవల్లీ ఇంటికి, శిథిలాలు సమాజానికి మిగిలాయి. ఇస్లామీయ న్యాయంలో సంఘం అనే శాశ్వత న్యాయవ్యక్తి భావన లేనందువల్ల మదరసా స్థాపకుని పత్రంతోనే ముడిపడి ఉండిపోయిందని జార్జ్ మఖ్దిసీ 1981లో వెలువడిన తన గ్రంథంలో వాదించారు. దీనిపై భిన్నాభిప్రాయాలున్నా, ఆలోచించదగిన మాట అది.

మూడవ మార్గం మన దేశంలో పుట్టింది. 1866లో ప్రారంభమైన దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్‌కు మౌలానా ఖాసిం నానోత్వీ వ్రాసిన ఎనిమిది సూత్రాలలో, స్థిరమైన ఆదాయంపై ఆధారపడరాదని, ప్రభుత్వ, ధనవంతుల జోక్యం హానికరమని ఉంది. సామాన్యుల చందాయే ఆధారం. అది గడువు గల చార్టరూ కాదు, గడువు లేని వక్ఫూ కాదు. ప్రతి సంవత్సరం ప్రజల విశ్వాసమే దానికి పొడిగింపు.

మన రాజ్యాంగం

భారత రాజ్యాంగం ఈ చిక్కును కొంత వివరంగా విడదీసింది. 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు తమ ఇష్టానుసారం విద్యాసంస్థలు స్థాపించి నిర్వహించే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే సంస్థలో మతబోధ ఉండరాదు. ప్రభుత్వ గుర్తింపు లేక సహాయం మాత్రమే పొందే సంస్థలో ఉండవచ్చు, కాని విద్యార్థి సమ్మతి లేక సంరక్షకుని సమ్మతి లేకుండా అతనిని అందులో పాల్గొనేలా చేయరాదు. తారిఖ్ బిన్ జియాద్ అకాడెమీ బస్సుల ప్రశ్న సరిగ్గా ఈ సమ్మతి ప్రశ్నే. నిర్వహించే హక్కులో దుర్నిర్వహణ చేసే హక్కు ఇమిడి లేదని 1958లో కేరళ విద్యా బిల్లుపై సుప్రీంకోర్టు తన అభిప్రాయంలో స్పష్టం చేసింది. అమెరికన్ చార్టర్ చట్టానికి, మన రాజ్యాంగానికి ముఖ్యమైన తేడా ఒకటి గమనించాలి. అక్కడ పాఠశాల ఉనికి గడువు గల ఒప్పందం. ఇక్కడ స్థాపించే అధికారం ప్రాథమిక హక్కు. అందువల్ల మన బాధ్యత తగ్గదు, పెరుగుతుంది.

ముగింపు

పై చరిత్ర నుండి గ్రహించవలసింది ఇది. ఏ పాఠశాలకైనా ధనం ఒక చోటి నుండి వస్తుంది, షరతు ఆ ధనం వెంటే వస్తుంది. ప్రభుత్వ ధనం స్వీకరిస్తే ప్రభుత్వపు గడువుకు, తనిఖీకి లోబడాలి. వక్ఫ్ ధనమైతే స్థాపకుని మాటకు కట్టుబడాలి. ప్రజల చందా అయితే ప్రజల ముందు లెక్క చెప్పాలి. షరతు లేని ధనం లేదు. మిన్నెసోటాలోని ఆ తల్లిదండ్రులు కష్టపడి పాఠశాల కట్టుకొన్నారు, పిల్లలు బాగా చదివారు. అయినా పత్రంలో ఒక అక్షరం మారగానే తరగతి గదులు ఖాళీ అయ్యాయి.

పాఠశాల స్థాపించదలచినవారు గోడలకు ముందు పత్రాన్ని చదవాలి. అనుమతి ఇచ్చేవారు, నడిపేవారు, స్థలం ఇచ్చేవారు వేరువేరుగా ఉండేలా చూడాలి. చట్టం మారితే ఏమి చేయాలో ముందే ఆలోచించి పెట్టుకోవాలి. ఐచ్ఛికమన్నది నిజంగా ఐచ్ఛికంగా ఉంచాలి. అమానతును అమానతుగా చూడమని మన ధర్మం బోధిస్తుంది. ఒక సమాజపు పిల్లల చదువు కంటె పెద్ద అమానతు ఏమున్నది?